అడ్డుతెర దిగే క్షణం

గౌరి క్యారీ అనే ఊళ్ళో మందుల కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తుంది, శని ఆదివారాలు తెలుగు పెళ్ళిళ్ళకి ఫోటోలు తీస్తుంది. కిందటి నెల ఒక పెళ్ళిలో జీలకర్ర బెల్లం పెట్టించి అడ్డుతెర దించినప్పుడు, మసక వెలుతురులో ఆమె కెమెరాకి ఫోకస్ దొరకలేదు. వధూవరుల తొలిచూపు చేజారిపోయింది. వచ్చే శనివారం ఇంకో పెళ్ళి; తెర దించేముందు పంతులుగారితో సైగ చేయిస్తానని పెళ్ళికూతురి తల్లి భరోసా ఇచ్చింది. ఒప్పుకోవాలో, ఈ పనే మానుకోవాలో తేల్చుకోవడానికి న్యూయార్క్‌లో కెమెరాల ఎగ్జిబిషన్‌కి వచ్చింది. వాళ్ళ నాన్న స్నేహితుణ్ణి, ఎక్కడా కాలు నిలవనివాణ్ణి, నేనూ వెంట వచ్చాను.

ఎత్తైన దీపాల కింద జనం పొగమంచులో తేలుతున్నట్టున్నారు. ఓడ మీద ఒక తెల్లవారుజామున ఇలాంటి వెలుతురే చూశాను. అది వేరే కథ.

గౌరి ఒక స్టాల్‌లో కొత్త కెమెరా అందుకుని, ఆ స్టాల్ వెనక చీకటి మూలకి నడిచింది. స్టాల్‌లో పనిచేసే పెద్దాయన వాల్టర్‌నీ నన్నూ ఎదురెదురుగా నిలబెట్టి, తన చున్నీని మధ్యన తెరలా పట్టుకోమంది.

"బాబాయ్, మీరు పెళ్ళికొడుకు. మీకు తోచినప్పుడు, నాకు చెప్పకుండా వదిలెయ్యండి."

"మరి ఈయన?"

"పెళ్ళికూతురు. సిగ్గుపడమని చెప్పక్కర్లేదు, ఆల్రెడీ పడుతున్నారు."

చున్నీ జారింది. వాల్టర్ నీలికళ్ళు హఠాత్తుగా నా ఎదుట ఉన్నాయి. ఊరూ పేరూ తెలియని మనిషిని అంత దగ్గరగా, అంత తీరిగ్గా చూడటం నాకదే మొదలు. ఇద్దరం నవ్వడం మర్చిపోయాం.

గౌరి ఫోటోని స్క్రీన్ మీద పెద్దది చేసింది. వాల్టర్ కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయి. ఈ కెమెరా తనకి కావాలని వాల్టర్‌తో చెప్పి, పెళ్ళికూతురి తల్లికి ఫోన్ చేసింది.

"ఆంటీ, శనివారం నేను వస్తున్నా. తెర దించేముందు నాకు సైగ చేయక్కర్లేదని పంతులుగారితో చెప్పండి."