తుమ్ములు ఆపిన టీచరమ్మ

మా డ్రిల్ టీచరమ్మ పోయారు. టిక్కీలు, అంటే మిరప బస్తాలు, వేసుకుని గుంటూరు మిర్చి యార్డుకు వచ్చిన మా బాబాయి, సరుకు దించి, నేను పనిచేసే బడి వెతుక్కుంటూ వచ్చి చెప్పాడు. "వేటపాలెంలో తమ్ముడి ఇంటి దగ్గరే మట్టి చేశారంటమ్మా. మనకి కబురు పెట్టేవాళ్ళు లేకపోయారు," అన్నాడు. ఆ పూట పాఠం చెప్పలేకపోయాను. నేను ఇవాళ టీచరునై బోర్డు ముందు నిలబడుతున్నానంటే ఆవిడ చలవే.

ఆవిడ పొట్టిగా, బొద్దుగా ఉండేవారు. డ్రిల్ టీచరంటే కొత్తవాళ్ళు నమ్మేవారు కాదు. నేతచీర కుచ్చిళ్ళు ఎగదోపి, మెడలో విజిల్‌తో గ్రౌండులోకి దిగేవారు కానీ, విజిల్ ఊదగా చూసింది తక్కువ. ఆ గొంతుకు విజిల్ దేనికి? అన్నిటికీ తొందరే. ఆదివారం చర్చిలో మేమంతా ఇంకా చరణం పాడుతుంటే ఆవిడ పాట ముగించి మా కోసం ఎదురుచూస్తుండేవారు.

ఎనభైల మొదట్లో మాట. అద్దంకి అవతల మా ఊరు. నేను ఎనిమిదో తరగతి. మిరప కోతల రోజుల్లో పొద్దున్నే అమ్మతో కల్లానికి వెళ్ళి రంగు మాసిన తాలుకాయలు ఏరి, ఆ తర్వాత బడికి పరుగెత్తేదాన్ని. ఎంత కడుక్కున్నా ఘాటు లంగాను వదలదు కదా. ఒకరోజు నేను బెంచీ మీద కూర్చోగానే క్లాస్ లీడర్ "హాచ్!" అని తుమ్మింది. అందరూ నవ్వారు. మర్నాడు ఆ వరసంతా తుమ్మింది. వారం తిరిగేసరికి నేను గడపలో కాలు పెడితే చాలు, క్లాసంతా తుమ్ములే. తెలుగు మాస్టారు కూడా ఓసారి మీసాల చాటున నవ్వారు. తమాషా ఏమిటంటే, మేము ఏరే కాయలు ఆ లీడర్ వాళ్ళ నాన్నవే.

అందుకే అమ్మ నోరెత్తలేదు. నేనూ ఎత్తలేదు. కడుపునొప్పని ఒకరోజు, తలనొప్పని ఇంకోరోజు, చివరికి ఏమీ చెప్పకుండానే బడి మానేశాను. చదువుకు నీళ్ళొదిలేసినట్టే అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, హాయిగా అనిపించింది.

ఒక సాయంత్రం టీచరమ్మ కల్లానికి వచ్చారు. వస్తూనే తుమ్ములు అందుకున్నారు. ఆగవే! కళ్ళ నిండా నీళ్ళు, ముక్కు ఎర్రబడిపోయింది. "అబ్బ, ఏం కాయలే తల్లీ! చూశావా, నిజం తుమ్ము ఇట్టా ఉంటది. మీ క్లాసోళ్ళకి తుమ్మటం కూడా చేతకాదు," అన్నారు కొంగుతో ముఖం తుడుచుకుంటూ. నాకు నవ్వొచ్చేసింది. ఎన్నాళ్ళకో.

"మీకెవరు చెప్పారండీ?" అన్నాను.

"చెప్పాలా? నువ్వు బడి మానేసినకాణ్ణించీ క్లాసులో ఒక్కళ్ళకీ జలుబు లేదు."

అమ్మ చేతులు దులుపుకుంటూ వచ్చింది. "మాకెందుకులేండి అమ్మగారూ గొడవ. ఆ పిల్ల ఆసామిగారి కూతురు."

"ఆసామితో నాకేం పనమ్మా? నీ కూతురితో పని. రేపు చెడుగుడు ఉంది. నాకు ఉద్ది కావాలి."

ఉద్దులు మీరూ కట్టుకునే ఉంటారు. ఇద్దరిద్దరు జతగా దూరం వెళ్ళి చెవుల్లో దొంగపేర్లు పెట్టుకుని, నాయకురాళ్ళ దగ్గరికొచ్చి ఏ పేరు కావాలో కోరుకొమ్మంటారు. కోరిన పేరు పిల్ల ఆ జట్టుకు, రెండోది అవతలి జట్టుకు. ఎవరి ఉద్దీ కానిది ఆటలో అరటిపండు. బడి మానకముందు నెలంతా ఆ అరటిపండును నేనే. మర్నాడు గ్రౌండులో టీచరమ్మ నా భుజం మీద చెయ్యేసి గోడ దాకా నడిపించి, "నేను తాటిముంజె, నువ్వు జీడిమామిడి," అన్నారు చెవిలో. నాయకురాలు ఎవరనుకున్నారు? ఆ లీడరే. జీడిమామిడి కోరుకుంది. నేను ముందుకు రాగానే అలవాటుగా తుమ్మింది. వెనక నాలుగు తుమ్ములు.

టీచరమ్మకు కోపం రాలేదు. "జలుబు చేసినవాళ్ళు పోయి అరుగు మీద కూర్చోండి. తగ్గినాక ఆడుదురు," అన్నారు.

చెడుగుడు వదులుకుని అరుగు మీద ఎవరు కూర్చుంటారు? జలుబులన్నీ అక్కడికక్కడే కుదిరాయి. ఆ రోజు మా జట్టు చిత్తుగా ఓడిపోయింది. నాకు మాత్రం ఇంటికి పరుగెత్తి అమ్మకు చెప్పుకోవాల్సినంత సంతోషం.

ఆవిడ అక్కడితో వదల్లేదు. నవ్విన వాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి, "నీకు నిజంగా నవ్వొచ్చిందా?" అని అడిగారు. చాలామంది ఒకే మాట చెప్పారట: నవ్వకపోతే రేపు తమను చూసి తుమ్ముతారని భయం. కొన్నాళ్ళకు గాలి మళ్ళి అందరూ ఆ లీడరుకే తుమ్ములమ్మ అని పేరు పెడితే, దానికి కూడా ఊరుకోలేదు. "మనిషిని మారుస్తారా? నేను అసలు ఆటే వద్దంటుంటే!" అని కసిరారు.

నాకు ఉద్యోగం వచ్చాక స్టాఫ్ రూములో ఒక పెద్దాయన నా యాసను వెక్కిరించేవాడు. నేను "ఏంది" అంటే ఆయన అరగంట సాగదీసేవాడు. రిటైరై వేటపాలెంలో తమ్ముడి దగ్గరుంటున్న టీచరమ్మ దగ్గరికెళ్ళి ఏడ్చాను.

"మెడలో విజిల్ చూసి నన్ను స్టాఫ్ రూములో ఉన్నన్నాళ్ళూ పీపీ అనే పిలిచారు. పెద్దయితే పోద్దనుకున్నావా?" అన్నారు. "ఒక్కదానివే కూర్చోబోకు. నవ్వనోళ్ళు ఒకళ్ళయినా ఉంటారు. వాళ్ళ పక్కన కూర్చుని టీ తాగు."

నవ్వని లెక్కల టీచరు ఒకామె దొరికింది. టీ తాగుతున్నాం. పెద్దాయనకు ఇప్పుడు మునుపటంత ఊపు లేదు.

చివరి రోజుల్లో టీచరమ్మకు వినికిడి తగ్గింది. తమ్ముడి మనవలు గొంతు లేకుండా పెదాలు కదిపి ఏడిపించేవారట. "ఏం చేశారండీ?" అని అడిగితే కిసుక్కున నవ్వారు. "నేనూ ఉత్త పెదాలు కదిపా. మిఠాయి ఇస్తానన్నానేమోనని వాళ్ళే దగ్గరకొచ్చారు. వచ్చినాక వదుల్తానా?"

ఆఖరుసారి చీరాల ఆసుపత్రిలో చూశాను. స్టూలు నిండా మందుసీసాలు. మంచం పక్కనే నిలబడ్డాను. ఆవిడ కళ్ళు తెరిచి నా వైపు చూశారు. గుర్తుపట్టారో లేదో ఇప్పటికీ తెలియదు. మోచెయ్యి ఆనించి, ఆయాసపడుతూ, కొంచెం కొంచెంగా గోడవైపు జరిగారు. ఖాళీ అయిన జానెడు చోటు మీద చేత్తో రెండుసార్లు తట్టారు.