లైసెన్సు అక్కర్లేని గాలి

నాకు ఓపిక తక్కువ. అన్నం ఉడికేదాకా పదిసార్లు మూత తీసి చూసే రకం. అలాంటిదానికి, సాయంత్రం పూట లాప్‌టాప్ ముందు కూర్చుని ఎక్కడెక్కడి పిల్లలకో లెక్కలు చెబుతూ, తెర మీద వాళ్ల ముఖాలు కదులుతున్నాయా లేదా అని కనిపెట్టుకుని ఉండే ఉద్యోగం దొరికింది. కొల్లేటికోటలో ఇల్లు కదలకుండా నేను చేసుకోగలిగింది అదొక్కటే. క్లాసు మధ్యలో లైను పోతే తల్లిదండ్రులు ఫిర్యాదు చేస్తారు. ఫిర్యాదులు ఆగకపోతే నా క్లాసులు ఇంకొకరికి ఇచ్చేస్తామని కంపెనీవాళ్లు మర్యాదగానే చెప్పారు.

ఏలూరులో చదువుకునేటప్పుడు ఇంటర్నెట్ గురించి ఆలోచించే పనే ఉండేది కాదు. వైరు గోడలోంచి వచ్చేది. ఇక్కడికి రాకుండా ఆ వైరు గణపవరం వైపు ఒక ఊళ్లో ఆగిపోయింది. ఆ ఊళ్లో కేబులు నడిపే పెద్దాయన తన టవరు మీద ఒక డిష్, మా డాబా మీద ఒక డిష్ ఎదురెదురుగా బిగించి, చేపల చెరువుల మీదుగా మాకు వైఫై పంపించారు. దీనికి లైసెన్సు అక్కర్లేదని ఆయన అన్నప్పుడు సంబరపడ్డాను. ఎవరి సంతకమూ వద్దు, ఏ ఆఫీసు ముందూ నిలబడక్కర్లేదు.

ఆ సంబరం వానాకాలం వచ్చేదాకా నిలిచింది. మా సిగ్నల్ వచ్చే దారిలో ఉన్న ఒక చెరువు రైతు, దొంగల భయంతో గట్టు పొడవునా కెమెరాలు పెట్టి, వాటి కోసం తనూ డిష్‌లు బిగించుకున్నారు. ఆ రోజు నుంచి నా క్లాసు పిల్లలు తెర మీద తెరిచిన నోరు తెరిచినట్టే బిగుసుకుపోవడం మొదలైంది. కేబులాయన వచ్చి చూసి, ఇద్దరి సిగ్నళ్లూ ఒకే ఛానల్ మీద వెళ్తూ ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయని తేల్చారు. నేను ఇక ఆగలేక చెరువు గట్టుకే వెళ్లాను.

“ఏవండీ, మీ కెమెరాల వల్ల నా క్లాసులు పోతున్నాయండీ. మీకంటే ముందు నుంచీ నాది ఉంది” అన్నాను.

“ఇందులో ముందూ వెనకా ఏముందమ్మా? మీకూ లైసెన్సు లేదు, నాకూ లేదు. మీరు ఫిర్యాదు పెట్టినా తీసుకునేవాళ్లు లేరండి” అన్నారాయన, చాలా నెమ్మదిగా.

ఆ నెమ్మదికి నాకు ఒళ్లు మండింది. కానీ ఆయన అన్నది నిజమే. అందరికీ వదిలేసిన గాలిలో ఇది నాది అనే హక్కు ఎవరికీ ఉండదు. చివరికి కేబులాయన బతిమాలితే ఆ రైతు వేరే ఛానల్‌కు మారారు.

ఈలోగా చెరువు చెరువుకూ కెమెరాలు వచ్చేశాయి, ఖాళీ ఛానళ్లు అయిపోయాయి. అప్పుడే పేపర్లో చదివాను, వైఫై కోసం ఇంకో వెడల్పాటి బ్యాండును, అంటే బోలెడు కొత్త ఛానళ్లను, లైసెన్సు లేకుండా వదిలేశారట. రాబోయే కాలమంతా దానిదేనట. వెంటనే కేబులాయనకు ఫోన్ చేశాను.

“అది నాలుగు గోడల మధ్య వాడుకోవడానికమ్మా. బయటైతే మరీ తక్కువ పవరు. డాబా మీంచి డాబా మీదికి పంపడానికి కుదరదు. పడవల్లో కూడా పెట్టకూడదంట” అన్నారు.

“ఇంటిదాకా వస్తే కదండీ బాబాయిగారూ, ఇంట్లో తిరిగేది” అన్నాను. ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మొన్న ఎదురింటి కోడలు మా ఇంటికి వచ్చింది. నా క్లాసులు కిటికీలోంచి విని విని, తనూ అలాంటి పనే సంపాదించింది. చిన్నపిల్లలకు ఇంగ్లీషు చెప్పాలి. ఆకివీడు వైపు ఇంకో ఆపరేటరు దగ్గర లైను మాట్లాడుకుంది.

“అక్కా, మా డిష్ వల్ల మీకేమీ ఇబ్బంది ఉండదు కదండీ?” అంది.

ఉంటుందని నాకు తెలుసు. వద్దని చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఏ హక్కుతో చెప్పను? చెరువు రైతు నాకు చెప్పిన మాటే ఆమె నాకు చెప్పొచ్చు. చెప్పే మనిషి కాదు, అందుకే మరీ చిరాకేసింది. “ఏమో, చూద్దాం” అన్నాను.

ఆమె మొదటి క్లాసూ నా క్లాసూ ఒకే వేళకు పడ్డాయి. మొదలుపెట్టీ పెట్టగానే తెర మీద పిల్లలు ఆగిపోయారు. “వినపడుతోందా?” అని అడిగాను. వీధి అవతలి నుంచి ఆమె గొంతు, “వినపడుతోందా నాన్నా?” అంటోంది. మా ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి బాగానే వినపడుతోంది. మొదటి రోజే లైను పోతే రెండో రోజు ఆమెను పిలవరు. అది నాకు తెలుసు. నాది ఆపేద్దామని చెయ్యి డిష్ స్విచ్ దాకా వెళ్లింది కూడా. నా మీద రాబోయే ఫిర్యాదు గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను. ఈసారి ఇంకా గట్టిగా అడిగాను, “వినపడుతోందా?”

అవతల గొంతు ఆగిపోయింది. ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది.

“మీరు కానివ్వండక్కా. నాది ఆపేశాను” అంది.

పిల్లలందరూ ఒక్కసారిగా కదిలారు. “ఇప్పుడు బాగా వినపడుతోంది మేడమ్” అన్నారు. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పుస్తకం తెరిచి, నిన్న ఎక్కడ ఆపామని వాళ్లను అడిగాను.