ఫిబ్రవరి ఇరవై తొమ్మిది చీటీ

చర్చివాళ్ళ ప్రెస్సులో ఆయన ముప్ఫై ఏళ్ళుగా కాగితాలు కత్తిరిస్తున్నాడు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ, అందరికీ ఆయన మంచిమాటలాయన. ఆ ప్రెస్సులో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయేది వాగ్దానాల పెట్టె. అగ్గిపెట్టెకి పెద్దన్నలాంటి అట్టపెట్టెలో మూడువందల అరవై అయిదు చీటీలు నిలువుగా పేర్చి ఉంటాయి, చీటీకొక బైబిలు వచనం. పొద్దున్నే కళ్ళు మూసుకుని ఒకటి తీసి చదువుకుంటే ఆ రోజుకి ధైర్యం. ఆ వచనాలు ఏరేదీ, అచ్చయ్యాక కటింగ్ మెషిన్ మీద కత్తిరించేదీ ఆయనే.

ఏరడంలో ఆయనకొక పట్టింపు ఉంది. చావు, ఏడుపు, కోపం ఉన్న వచనమేదీ పెట్టెలోకి రాకూడదు. పొద్దున్నే చీటీ తీసినవాళ్ళ గుండె గుభేల్‌మనకూడదు కదా! వచనం మొదటి సగం తియ్యగా ఉండి రెండో సగం చేదుగా ఉంటే నిక్షేపంగా సగంలోనే ఆపేసేవాడు. పుచ్చులు పక్కన పడేసి వంకాయలు ఏరినట్టు బైబిలంతా ఏరేశాడు మహానుభావుడు. అన్నీ పోగొట్టుకున్నవాడి గోడైన యోబు గ్రంథం మొత్తంలో ఆయన కంటికి ఆనినవి నాలుగంటే నాలుగు. అందుకే ఆయన బైబిలు మూసి పక్కనుంచి చూస్తే చారలు కనిపించేవి. చదివిన పేజీల అంచులు నల్లబడ్డాయి, చదవనివి కొన్నప్పుడెంత తెల్లగా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

"నాన్నా, నీ బైబిలు జీబ్రాలా ఉంది" అనేది కూతురు.

ఒక్కతే కూతురు. ఎనిమిదేళ్ళప్పుడే పెట్టెలోని చీటీలన్నీ నేలమీద పరిచి లెక్కపెట్టి, "ఫిబ్రవరి ఇరవై తొమ్మిదికి చీటీ ఏదీ?" అని తండ్రిని నిలదీసింది. ఆయన "ఆ రోజు దేవుడికి సెలవమ్మా" అన్నాడు. పిల్ల నవ్వింది. ఆ మాట ఇంట్లో వాడుకైపోయింది. కూర మాడినా, కరెంటు పోయినా, "ఇవాళ దేవుడికి సెలవు" అనుకుని ముగ్గురూ నవ్వుకునేవాళ్ళు.

పెద్దయ్యాక ఆ పిల్ల లెక్కల టీచరయింది. ఇరవై ఏడో ఏట రక్తానికి సంబంధించిన జబ్బుతో ఆసుపత్రిలో పడింది. ఆడుతూ పాడుతూ తిరిగే పిల్ల మూడు నెలల్లో మంచానికి అతుక్కుపోయింది. డాక్టరమ్మ తల్లిదండ్రుల్ని గదిలోకి పిలిచి, మందులు పనిచెయ్యడం లేదని మెల్లగా చెప్పింది. బయటికి రాగానే భార్య చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏడవకు. దాని ముందు అసలు ఏడవకు. మన విశ్వాసం చూసే దేవుడు దాన్ని లేపుతాడు" అన్నాడాయన.

ఆవిడ కొంగు తీసేసి కళ్ళు తుడుచుకుంది. ఆ రోజునుంచీ ఆవిడ ఏడవలేదు. ఏడిపించకుండా ఉంచానని ఆయన అనుకున్నాడు గానీ, ఏడవనివ్వలేదని అనుకోలేదు.

రోజూ పొద్దున్నే పెట్టె పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళేవాడు. కూతురు చీటీ తీసేది, ఆయన పైకి చదివేవాడు, ముగ్గురూ ఆమెన్ అనేవాళ్ళు. ప్రతి చీటీలోనూ స్వస్థతే. ఇరవయ్యో రోజున కూతురు చీటీని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాన్నా, ఇది మూడోసారి రావడం. మూడువందల అరవై అయిదింటిలో ఇరవై రోజుల్లో ఒకే చీటీ మూడుసార్లా? లెక్కల టీచర్ని పట్టుకుని మోసం చేస్తావా?"

పెట్టెలో ఉన్నవి అరవయ్యే. స్వస్థత వచనాలు తప్ప మిగతావన్నీ ఆయన ఇంట్లోనే తీసేసి తెచ్చాడు. పట్టుబడ్డ దొంగలా తల వంచుకున్నాడు.

కూతురు ఆయన చెయ్యి పట్టుకుంది. "నాన్నా, నాలాంటివాళ్ళు బైబిల్లో లేరా? అడిగీ అడిగీ జవాబు రానివాళ్ళు? నువ్వెప్పుడూ తెరవవే, ఆ తెల్ల పేజీల్లోంచి ఒక్కటి చదువు. నాకు భయంగా ఉంది. భయపడేవాళ్ళ మాట వినాలనుంది."

"అలాంటి మాటలు నోట రానివ్వకు!" అని కసిరాడు. జబ్బుపడ్డ పిల్లని కసిరాడు. ఆయన భయం ఆయనది. ఆ పేజీలు తెరిస్తే పిల్ల చావుకి తానే ఒప్పుకుని సంతకం పెట్టినట్టవుతుందని గట్టిగా నమ్మాడు.

కూతురు ఆయన చెయ్యి వదిలేసింది. తర్వాత, "సరే. రేపు మొత్తం పెట్టె తీసుకురా. ఇకనుంచి చీటీ నువ్వే తియ్యి, నాకు సూదులతో చేతులు నొప్పి" అంది.

మర్నాడు మూడువందల అరవై అయిదూ తెచ్చి ఆమె తలగడ పక్కన పెట్టాడు. కానీ బుద్ధి మారితేగా! ఆ అరవై చీటీలకీ పైమూల ఒక్కటి పిసరంత మడిచి తెచ్చాడు. కాగితాల మధ్య ముప్ఫై ఏళ్ళు బతికిన వేళ్ళకి ఆ మడత తెలియడం ఒక లెక్కా? కళ్ళు మూసుకుని మడత దొరికేదాకా తడిమి తీసేవాడు. మళ్ళీ అన్నీ స్వస్థతే. ఈసారి కూతురు లెక్కలడగలేదు. ఆయన తడుముతున్నంతసేపూ ఆ వేళ్ళవైపే చూసేది. చీటీ బయటికి వచ్చాక చూపు తిప్పుకుని, ఆయనకోసం గట్టిగా ఆమెన్ అనేది.

అలా పదకొండు రోజులు గడిచాయి. పన్నెండో రోజు పొద్దున ఆయన మెట్లెక్కి వచ్చేసరికి మంచం చుట్టూ తెర లాగేసి ఉంది. ఆయన చెయ్యి అలవాటుగా పెట్టెమీదికి వెళ్ళింది. భార్య ఆ చేతిని పట్టుకుని ఆపింది.

సమాధి దగ్గర నలుగురూ నాలుగు మంచి మాటలు చెప్పారు. అన్నీ ఆయన ఏరిన మాటలే. ముప్ఫై ఏళ్ళు ఊరందరికీ పంచినవి ఆ రోజు తన చెవిన పడుతుంటే, ఒక్కటీ లోపలికి దిగలేదు.

అయిదో రోజు మధ్యాహ్నం, ఆసుపత్రి సంచిలోంచి పెట్టె తీసి బల్లమీద కుమ్మరించాడు. ఇక చీటీలు ఏరనని ప్రెస్సులో చెప్పేసి ఇది కూడా ఇచ్చేద్దామనుకున్నాడు. కుప్పలో ఒక చీటీ అంచు కంటికి గుచ్చుకుంది. మెషిన్ మీద తెగిన అంచు కాదది, కత్తెరతో వంకరటింకరగా కోసినది. తీసి చూస్తే, పిల్లల పరీక్ష కాగితం ముక్క. ఒకవైపు ఎవరో పిల్లాడి తప్పు కూడిక, దానిమీద ఎర్ర సిరా. రెండోవైపు కూతురి చేతిరాత.

"ఫిబ్రవరి 29. ఎనభై ఎనిమిదో కీర్తన. మొత్తం చదువు నాన్నా, కత్తిరించకు."

మూల మడత లేదు. అందుకే పదకొండు రోజులూ ఆయన వేళ్ళు దాన్ని తాకి, ఇది కాదనుకుని పక్కకి జరిపాయి. ఆ వేళ్ళవైపు పిల్ల ఎందుకు చూసేదో ఇప్పుడర్థమైంది. ఆయన బల్లమీద తల పెట్టుకుని, "అమ్మా, అమ్మా" అని చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

చాలాసేపటికి లేచి బైబిలు తెచ్చాడు. తెల్ల పేజీలు అతుక్కుపోయి ఉన్నాయి, గోటితో విడదీశాడు. చదవడం మొదలుపెట్టాడు. ఎవరో మనిషి, రాత్రనక పగలనక దేవుణ్ణి పిలుస్తున్నాడు. గోతి అంచున ఉన్నానంటున్నాడు. మొహం ఎందుకు చాటేశావని అడుగుతున్నాడు. నావాళ్ళని నాకు దూరం చేశావంటున్నాడు. ఇప్పుడు మంచిమాట వస్తుంది, ఇప్పుడొస్తుంది అని ఆయన ఎదురుచూశాడు. రాలేదు. చీకట్లో మొదలై చీకట్లోనే ఆగిపోయింది. పేజీ తిప్పితే వేరే కీర్తన.

ఆయన పేజీ మళ్ళీ వెనక్కి తిప్పాడు. దీన్నెవరూ తీసెయ్యలేదు. ఇన్ని వేల ఏళ్ళలో ఎన్ని చేతులు మారిందో, చివర ఒక తియ్యని ముక్క అతికిద్దామని కూడా ఎవరికీ అనిపించలేదు. ఈ ఏడుపునూ దేవుడి పుస్తకంలో దేవుడి మాటల పక్కనే ఉండనిచ్చారు. తానైతే మొదటి వాక్యం తర్వాత కత్తి దించేసి ఉండేవాడు.

వంటగది గుమ్మంలో భార్య నిలబడి ఉంది.

"ఏంటండీ అది?"

"అమ్మాయి చదవమంది. రా, కూర్చో."

పైకి చదివాడు. ఒక్క మాటా వదల్లేదు. సగం అయ్యేసరికి ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకోబోయి, మానేసి, గొంతెత్తి ఏడ్చింది. ఆయన ఆపమనలేదు.

"ఇది... అదున్నప్పుడు చదవాల్సిందండీ" అంది వెక్కిళ్ళ మధ్య.

"అవును."

ఆవిడ చీటీని చేతిలోకి తీసుకుంది. ఎర్ర సిరాని వేలితో నిమిరింది.

"ఇంకా ఉందా?"

"లేదు. ఇంతే."

"అయితే మళ్ళీ మొదటినుంచీ చదవండి."

ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాడు.