బ్రహ్మచారి చెక్కిన తొడ ఎముక

లాలాగూడలో బ్రహ్మచారి బిగించిన తలుపు కిర్రుమనదు. ఈ మాట ముందు ఆయనే చెబుతాడు, తర్వాత తలుపు తీసి వేసి చూపిస్తాడు. నలభై ఏళ్ళ వడ్రంగంలో ఆయన చేతి మీదుగా వెళ్ళిన తప్పు తలుపు ఒక్కటే. యాప్రాల్‌లో ఎవరిదో కొత్త ఇంటికి బిగించిన బాత్రూమ్ తలుపు. లోపలికి సగం తెరుచుకుని, కమోడ్‌కు కొట్టుకుని ఆగిపోయేది. ఆ ఇంటాయన సన్నటి మనిషి గనక పది రోజులు గుట్టు దాగింది. ఆయన మామగారు చుట్టపుచూపుగా వచ్చిన రోజున బయటపడింది. అప్పట్నుంచీ బ్రహ్మచారి ఇంట్లో యాప్రాల్ పేరు ఎవరూ ఎత్తరు. భార్య దేవమ్మ మాత్రం కోపమొస్తే ఎత్తుతుంది.

ఇంతటి మొనగాడికి కోడలి చదువు దగ్గర చిక్కొచ్చి పడింది.

కోడలు సుకన్య ఆరేళ్ళు ఆస్పత్రిలో ఆయాగా చేసి, ముప్పయ్యో ఏట నర్సింగ్ కాలేజీలో సీటు తెచ్చుకుంది. అనాటమీ దగ్గర బండి ఆగింది. మొదటి వైవాలో మేడమ్ ఒక ఎముక చేతికిచ్చి ఏ వైపుదమ్మా అని అడిగితే, కంగారులో "లోపలిది మేడమ్" అంది. క్లాసు వారం రోజులు నవ్వింది. రెండో వైవా కూడా పోతే పరీక్షకు హాల్ టికెట్ ఇవ్వరు. హాల్ టికెట్ లేకపోతే ఏడాది పోయినట్టే, మళ్ళీ ఆయా పనే.

ట్యూషన్ మాట తలపెట్టే స్తోమత లేదు. ఊరికే దొరికేవన్నీ పోగేసుకుంది. యూట్యూబ్ పాఠాలు, లైబ్రరీలో పాత ప్రశ్నపత్రాలు, సందు చివరి మేబెల్ గారి అట్టలేని పుస్తకం. మేబెల్ నర్సుగా చేసి రిటైరైన ఆంగ్లో-ఇండియన్ పెద్దావిడ. అన్నీ దొరికాయిగానీ ఎముకలు మాత్రం ఎవరూ ఊరికే ఇవ్వలేదు. ప్లాస్టిక్ ఎముకల ధర చూసి సుకన్య ఫోన్ బోర్లించి పెట్టడం బ్రహ్మచారి కంట పడింది.

"ఏంది బిడ్డా, గా బొక్కల కోసమేనా పరేషాన్? నేను చెక్కి ఇస్త తియ్యి."

"మామా, అది తలుపు కాదు."

"కట్టె కట్టెనే గదా!"

ఆ సాయంత్రమే షురూ. సుకన్య రొట్టెలు చేస్తూ పాఠం వినేది, బ్రహ్మచారి ఫోన్‌ను గోడకు ఆనించి చూసేవాడు. వీడియోలో సారు తొడ ఎముక పట్టుకుని, ఇది ఎడమ కాలిది అన్నాడు. దర్వాజా చేయగా మిగిలిన టేకు ముక్క మీద పది రోజులు ఉలి ఆడింది. ఎముకకు పెన్సిల్‌తో 'ఎడమ' అని రాసి, పైన వార్నిష్ కూడా కొట్టాడు.

"బొక్కకు వార్నిష్ ఎవడన్న కొడ్తడా?" అంది దేవమ్మ.

"మంచిగుండాలె గదనే."

సుకన్య దాన్ని చంకలో పెట్టుకుని తిరిగింది. గుండు ఇటు, గరుకు గీత అటు అని నెల రోజులు వల్లె వేసింది.

వైవా సోమవారమనగా, ఆదివారం పొద్దున మేబెల్ విరిగిన స్టూలు పట్టుకుని వచ్చింది. ఎముకను అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు పైకి తోసుకుంది.

"మిస్త్రీ, ఇది రైట్ లెగ్‌ది. లెఫ్ట్ అని రాసినవేంది?"

"గదెట్లయితది మేబెలమ్మా! వీడియో చూసి చెక్కిన. ఎక్కడ జెరంత తేడా ఉన్నదో చూపియ్యి."

వీడియో పెట్టారు. సారు వెనక గోడకు క్యాలెండర్ ఉంది. దాని మీది ఇంగ్లీషు అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. సారు సెల్ఫీ కెమెరాతో తీసుకున్న పాఠమది. ఎడమ ఎముక కుడి ఎముకలా కనిపించింది, మిస్త్రీ కనిపించింది కనిపించినట్టు చెక్కాడు.

"మామా, ఆ అక్షరాలు నీకు కనబడలేదా?" అంది సుకన్య.

"కనబడ్డయి బిడ్డా. ఇంగ్లీషు నాకు సీదా ఉన్నా ఉల్టా ఉన్నా ఒక్కటే."

వంటింట్లోంచి దేవమ్మ ఒక్కటే మాట వేసింది. "యాప్రాల్!"

సుకన్య విరిగిన స్టూలు మీదే కూలబడింది. "నెల రోజులు ఉల్టా చదివిన. రేపే వైవా. ఇప్పుడు ఏది ఎటు అనుకోవాలె మామా?"

బ్రహ్మచారి చెవి మీది పెన్సిల్ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆఖరికి ఆయనే అన్నాడు.

"తలుపు కుడిదా ఎడమదా అని నేను బొమ్మ చూసి చెప్పను బిడ్డా. దర్వాజల నిలబడి, నా చెయ్యి పెట్టి చూస్కుంట. యాప్రాల్ల నిలబడి చూడలే. గంతే అయింది."

ఆ పేరు ఆయన నోటి నుంచి రావడం అదే మొదలు. దేవమ్మ గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చింది.

బ్రహ్మచారి వాకిట్లోకి దిగి ఎముకను లుంగీ మీద ఎడమ తొడకు ఆనించాడు. "గుండు లోపలికి వుండాలె, వంపు ముందటికి. ఎడమకు పెడితే ఏమైతున్నది? గుండు లోపలికి పోతే వంపు ఎనకకు పోతున్నది. కుడికి పెట్టు, సక్కగ కూసున్నది. బొమ్మ యాది పెట్టుకోకు. నీ వొంటికి పెట్టి చూస్కో."

"ఏందన్నా, కాలు నొస్తున్నదా?" అని దారిన పోయేవాళ్ళు ఆగారు. కోడలికి పాఠమని చెప్పలేక "అవునన్నా" అన్నాడు. సాయంత్రానికి ఇద్దరు ముగ్గురు నొప్పుల నూనె తెచ్చిచ్చారు.

సోమవారం కోడలి వెంట కాలేజీకి తానూ వెళ్ళాడు. ల్యాబ్ తలుపు సరిగ్గా పడటం లేదు. ఆ సందులోంచి ఒక కన్ను పెట్టి చూశాడు. మేడమ్ తొడ ఎముక ఇచ్చింది. సుకన్య దాని వంక చూడనైనా చూడకుండా తెల్ల యూనిఫాం మీద కుడి తొడకు పెట్టింది, తీసి ఎడమ తొడకు పెట్టింది. వెనక పిల్లలు కిసుక్కున నవ్వారు.

"ఎడమది మేడమ్. గుండు లోపలికి, వంపు ముందుకు. ఎడమ కాలికే కుదిరింది."

నవ్వులు ఆగాయి. మేడమ్ ఈసారి మెడ కింది కంటె ఎముక ఇచ్చింది. సుకన్య భుజానికి ఆనించుకుని, కుడిదంది. అదీ సరే. "ఎవరు నేర్పారమ్మా ఇట్లా?"

"మా మామ, మేడమ్. తలుపులు చేస్తడు."

ఆ మాటకు బయట మామ తన బరువంతా తలుపు మీద వేశాడు. అది భళ్ళున తెరుచుకుంది. చెవి మీద పెన్సిల్‌తో ఆయన క్లాసు మధ్యకొచ్చి నిలబడ్డాడు.

"కీలు వదులైంది మేడమ్," అన్నాడు, ఇంకేం తోచక.

ఈసారి మేడమ్ కూడా నవ్వింది.

హాల్ టికెట్ వచ్చిన రోజున బ్రహ్మచారి వార్నిష్ గీకి, 'ఎడమ' కొట్టేసి 'కుడి' అని రాశాడు. ఇంకో టేకు ముక్క తీశాడు.

"ఇంకా ఎన్ని చెక్కుతవయ్యా?" అంది దేవమ్మ.

"ఒంట్ల ఇంకా రెండు వందల అయిదు ఉన్నయి అత్తమ్మా," అంది సుకన్య.

ఇప్పుడు ఎవరైనా తలుపు చేయించుకోవడానికి వస్తే, బ్రహ్మచారి ముందు యాప్రాల్ సంగతి చెబుతాడు. తర్వాత జేబులోంచి కోడలి హాల్ టికెట్ జిరాక్స్ తీసి, మడతలు సాపు చేసి చూపిస్తాడు. తలుపు చూపించడం ఆఖరున, గుర్తుంటే.