మా జెస్సీకి రాని చికెన్ పాక్స్

నవ్వద్దు మరి. నవ్విన్రంటే చాయ సగంల ఇడిసిపెట్టి లేసి పోత, మీ బ్లౌజులు గూడ కుట్ట. పోయిన వారం సంది నేను మా గల్లీల తలెత్తుకోని నడుస్తలేను. కూరగాయల బండొచ్చినా సరే, కర్టెన్ సందులకెల్లి తొంగి చూసి, దాని కాడ ఎవ్వరు లేరంటెనే బయటికి పోతాన. ఎందుకంటరా? ఒక్క అబద్ధం! గది గూడ మంచి కోసమే ఆడిన.

మా జెస్సీ కాన్పుకని వచ్చి నా దగ్గరనే ఉన్నది గద, ఏడో నెల. అల్లుడు ప్రవీణ్‌ది సుబేదారిల ఆఫీసు, ఇల్లు గూడ ఆడనే. మా ఆయనేమో రైల్వే మనిషాయె, ఆ రోజు డ్యూటీ మీద పోయిండు. ఇంట్ల నేను, పిల్ల, గంతే.

బ్లౌజుకు హుక్కులు కుడుతాంటే ఫోనొచ్చింది. నెక్కొండల ఉండే మా సువార్త పెద్దమ్మ కొడుకు, డానియేలు.

"అక్కా, హైదరాబాద్ కెల్లి వస్తానం, రైల్ల ఉన్నం. ఈ బండి నెక్కొండల ఆగది, కాజీపేటల దిగుతం. అమ్మను ఇయ్యాల్టికి నీ దగ్గర ఉంచుకో. జెస్సీని చూడాల్నని ఒకటే తండ్లాడుతాంది. నేను ప్యాసింజర్ పట్టుకోని పోత, పొద్దుగాల బర్లు పిండాలె."

"గది గూడ అడుగుడేనారా? తోలుకరా."

"అదిగాదక్కా..." అని గొంతు తగ్గించిండు. పక్కన పెద్దమ్మ నిద్రపోతాందట. "ఎముకల స్కాన్‌కు ముందు సూదేసిన్రు. రేడియేషన్ మందట. అది మెల్లగ ఒంట్లకెల్లి పోతదట గని, రేపు పొద్దుగాల దాకా కడుపుతోని ఉన్నోళ్ళకు, సంటిపిల్లలకు జర దూరముండాలన్నడు డాక్టరు. నేను చెప్తే ఏడుస్తది, నాకేమన్న అంటురోగమా అని. నువ్వే మెల్లగ చెప్పక్కా."

ఫోన్ పెట్టేసిండు.

రేడియేషన్ గురించి నాకు తెల్సింది ఒక్కటే, ఫోన్ తలకింద పెట్టుకోని పండుకోవద్దని. గది గూడ వాట్సాప్‌ల చదివిందే. అయినా గల్లీ అందరికి నేనే చెప్త. ఇప్పుడు ఆ రేడియేషనే ఆటో ఎక్కి మా ఇంటికి వస్తాంది!

జెస్సీని బెడ్‌రూంలకు తోలిన. మంచం ఆ మూల గోడకు జరిపిన. కిటికీకి దుప్పటి కట్టిన. ఎక్స్‌రే గదుల తలుపులకు సీసం రేకులు కొడ్తరని ఎన్నడో విన్న. మా ఇంట్ల సీసమెక్కడిది? స్టీలు పళ్ళాలు తెచ్చి కిటికీల వరసగ నిలవెట్టిన. పెండ్లికి పెట్టిన పెద్ద తాంబాళం గూడ.

"మమ్మీ, ఏంజేస్తానవ్?" అన్నది జెస్సీ.

చెప్పిన. అది నా మొహం చూసింది. "గదే మాట అమ్మమ్మకు చెప్తే అయిపాయె గద?"

"నీకు తెల్వదు, నోరు మూసుకోని పండుకో."

దానికేమెర్క? మా అమ్మ మంచాన పడ్డప్పుడు నన్ను సాకింది ఆ పెద్దమ్మనే. తన పిల్లల కంటె ముందు నాకు అన్నం పెట్టింది. గని మనసు గాజు గ్లాసు లెక్క. ఒక పెండ్లిల ఆఖరి బంతిల అన్నం పెట్టిన్రని ఆ ఇంటి గడప మళ్ళ తొక్కలే. పోయినేడు రొమ్ముకు ఆపరేషన్ అయిన కాన్నుంచి ఇంక సున్నితమైంది. నడుము నొప్పి తగ్గుతలేదు, రోగం ఎముకలకు గిట్ల పోయిందేమో అన్న భయంతోని ఉన్న మనిషి. అసొంటామెను "మా పిల్ల దగ్గరికి రాకు పెద్దమ్మా" అని ఏ మొహం పెట్టుకోని అనాలె?

ఆటో ఆగింది. డానియేలు సంచి దించి, నా దిక్కు చూసి కన్ను గొట్టి, అదే ఆటోల ఉరికిండు. పెద్దమ్మ గేటు కాడనే నిలబడ్డది, లోపలికి అడుగు వెయ్యలే. అలిసిపోయిందేమో అనుకున్న.

"బిడ్డా, నేను ఈడ వరండలనే కూసుంట. ముందుగాల నీకొక ముచ్చట చెప్పాలె..."

ఆ ముచ్చట ఇనే ఓపిక నాకేది? నోట్లకెల్లి ఎట్ల వచ్చిందో వచ్చింది.

"పెద్దమ్మా! జెస్సీకి చికెన్ పాక్స్ అయింది! దగ్గరికి పోవద్దన్నడు డాక్టరు!"

ఆమె చేతిల బొప్పాయి... అంటె, పిల్ల కోసం కాదు, నా కోసం తెచ్చింది... గదట్లనే జారి కింద పడి పగిలింది.

"కడుపుతోని ఉన్న పిల్లకా! ఓ ప్రభువా!"

కుర్చీల కూలబడ్డది. ఒక్కసారి లేసి లోపలి దిక్కు రెండడుగులు వేసింది. ఆగింది. మళ్ళ ఎనుకకు వచ్చి కూసున్నది. రెండు చేతుల తోని తల కొట్టుకుంటాంది. "ఇయ్యాలనే కావాల్నా దేవా! ఒంటి మీద చెయ్యేసి చూసుకునేతందుకు గూడ లేకపాయె!" ఆ మాటకు అర్థం నాకు అప్పుడు తట్టలే. "నా ఉపాయం పనిచేసింది, దూరంగనే ఉన్నది" అని లోపట లోపట సంబురపడుకుంట చాయ పెట్టేతందుకు పోయిన.

చాయ మసలేలోపల నా కొంప మునిగింది.

పొలంల ఈ గట్టు మీదికెల్లి ఆ గట్టు మీది మనిషిని పిలిచే గొంతు పెద్దమ్మది. నేను కప్పులు పట్టుకోని వచ్చేసరికి పక్కింటి సరోజక్క యాపమండలు ఇరుసుకోని గేటు తీస్తాంది. "అమ్మవారు పోసిందట గదా కరుణా! నాకొక మాటన్న చెప్పద్దా?" అని గుమ్మానికి మండలు చెక్కుతాంది. మా ఇంటి గుమ్మం మీద బైబిలు వాక్యం రాసి ఉంటది గద, దాని మీదికెల్లే చెక్కింది. పెద్దమ్మ చిన్ననాటి దోస్తు ఎలీసమ్మవ్వ మా గల్లీ చివరనే ఉంటది. ఆమెకు ఫోన్ పోయింది. ఆ అవ్వ పాస్టరయ్యగారిని ఎంటేసుకోని వస్తాంది. ప్రవీణ్‌కు గూడ ఫోన్ పోయింది, ఆయన ఆఫీసులకెల్లి బండి మీద బయలెల్లిండట.

"పెద్దమ్మా, గింతమందికి ఎందుకు చెప్పినవ్?" అన్న. నాకు ఏడుపొస్తాంది.

"మరేంజెయ్యాలె బిడ్డా? నేనైతే దగ్గరికి పోలేను. పోగలిగినోళ్ళనన్న పిలవాలె గద!"

అప్పుడన్న ఆగి "ఎందుకు పోలేవు పెద్దమ్మా?" అని అడగాల్నా, వద్దా? అడగలే. నా బుర్ర మీద గూడ తాంబాళం కప్పి ఉన్నట్టున్నది ఆ రోజు.

అయ్యగారు గేటు దాటి వచ్చి "అమ్మా, ధైర్యంగా ఉండండి, ప్రార్థన చేద్దాం" అన్నరు. సరోజక్క పెద్దమ్మ చెయ్యి పట్టుకోని పక్కన కూసోని ఓదారుస్తాంది. గంతల ప్రవీణ్ వచ్చిండు. హెల్మెట్ గూడ తియ్యలే. ఎవ్వరి దిక్కు చూడకుంట సీదా పోయి బెడ్‌రూం తలుపు నూకిండు.

లోపట మా జెస్సీ మంచం మీద కూసోని మామిడికాయ తొక్కుతోని అన్నం తింటాంది. మొహం ఒలిసిన కోడిగుడ్డు లెక్క నిగనిగ మెరుస్తాంది.

"ఏదీ? ఒక్క పొక్కు గూడ లేదు!" అని అరిసిండు ప్రవీణ్.

"స్తోత్రం!" అని ఎలీసమ్మవ్వ రెండు చేతులు పైకెత్తింది. "స్తోత్రం ప్రభువా! అయ్యగారు గేటుల అడుగు పెట్టంగనే!" అని, ఇగ మళ్ళ ఎవ్వరి మాట ఇనకుంట, కొంగు సదురుకోని గల్లీలకు ఉరికింది. నలుగురికి చెప్పాలె గద.

ప్రవీణ్ నా దిక్కు తిరిగిండు. హెల్మెట్ల కెల్లి కండ్లే కనవడుతానయ్. "అత్తమ్మా, ఏంది ఇదంత?"

అందరు నా దిక్కే చూస్తాన్రు. ఇగ తప్పలే. తల దించుకోని చెప్పిన. "పెద్దమ్మకు స్కాన్ కోసం రేడియేషన్ సూదేసిన్రు... పిల్లకు దూరంగ ఉండాలన్నరట... బాధపడ్తదని..."

సరోజక్క పట్టుకున్న చెయ్యి కాలిన పెనం ఇడిసినట్టు ఇడిసింది. పెద్దమ్మ పక్క కుర్చీల కూసోబోతాన్న అయ్యగారు సగంల ఆగిపోయిన్రు. అటు కూసోలే, ఇటు లేవలే. ఏ అవమానం జరగద్దని నేను అబద్ధమాడిన్నో, గదే నలుగురి ముంగట జరిగింది. చేసింది నేనే. భూమి పగిలితే ఆడనే దిగిపోదును.

పెద్దమ్మ నా దిక్కు తిరిగింది. నన్నే చూసింది.

"గా సంగతి నాకెర్కలేదనుకున్నవా కరుణా? డానియేలు చాయకు పోయినప్పుడు దవాఖానల సిస్టరు నాకు అంత మంచిగ చెప్పింది. నీళ్ళు బాగ తాగమన్నది, పొద్దుగాల దాకా కడుపుతోని ఉన్నోళ్ళకు దూరముండుమన్నది. గందుకే గేటు కాడ నిలబడ్డ. గదే చెప్పబోయిన. చెప్పనిస్తివా నువ్వు?"

రెండు చేతుల తోని మొహం కప్పుకున్న.

తర్వాత ఆమె పక్కకు తిరిగి, ఇంక సగంలనే ఉన్న మనిషితోని అన్నది. "కూసోన్రి అయ్యగారూ. మీరేం కడుపుతోని లేరు గద."

ముందుగాల నవ్వింది జెస్సీ. తర్వాత అందరు. అయ్యగారు గూడ నవ్వుకుంట కూసున్నరు. సరోజక్క సిగ్గుపడి, ఇడిసిన చెయ్యి మళ్ళ పట్టుకున్నది. జెస్సీ కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్, "అమ్మమ్మా" అని ఉరికొస్తాంటే పెద్దమ్మ లేసి ఎనుకకు జరిగి అరిసింది. "ఆగు! ఆడనే ఉండు! ముద్దులన్ని రేపు!"

ఇగ ప్రవీణ్ ఏమన్నడో ఎర్కేనా? "ముందుగాలనే నాకొక ఫోన్ కొడితే వచ్చి జెస్సీని ఇయ్యాల్టికి సుబేదారి తీసుకపోదును గద అత్తమ్మా." నిజమే! పళ్ళాలు నిలవెట్టిన గని గా ముచ్చట నాకు తోచలే. బండి మా ఇంటి కాడనే పెట్టి, కిరాయి కారు పిలిపిచ్చి, పిల్లను మెల్లగ ఎక్కించుకోని పోయిండు.

పెద్దమ్మ, నేను ఒక్క కాడనే కూసోని అన్నం తిన్నం. ఆమె నీళ్ళు తాగుకుంట అన్నది. "దూరముండు అంటే కోపమొస్తది బిడ్డా. ఎందుకుండాల్నో చెప్తే ఎందుకొస్తది? నేను గంత గయ్యాళిదాన్ననా, నాకు చెప్పేతందుకు భయపడ్డవ్?" నేను ఏడ్సిన. ఆమె నా పళ్ళెంల ఇంకింత కూర ఏసింది. పొద్దుగాల జెస్సీ వచ్చి ఆమె ఒళ్ళ తలవెట్టి ఎంతసేపు పండుకున్నదో. రెండు రోజులకు రిపోర్టు గూడ వచ్చింది. ఎముకలల్ల ఏం లేదట. ఆ మాట ఇని కుట్టుమిషన్ మీదనే తలవెట్టి మళ్ళ ఏడ్సిన.

ఇగ అయిపోయిందనుకున్న. అయిపోలే!

ఆదివారం చర్చిల, దేవుడు చేసిన మేలు లేసి చెప్పుకునే సాక్ష్యాలప్పుడు, ఎలీసమ్మవ్వ లేసింది. "కడుపుతోని ఉన్న పిల్ల! ఒళ్ళంత పొక్కులు! అయ్యగారు గేటుల అడుగు పెట్టంగనే ఒక్కటి లేకుంట రాలిపోయినయ్, మచ్చ గూడ మిగలలే!" సంఘమంత చప్పట్లు. స్తోత్రాలు. అయ్యగారు అద్దాలు తీసి తుడుచుకుంటనే ఉన్నరు, తల ఎత్తుతలేరు. నేనా? ఏం జెయ్యాల్నో తెల్వక నేను గూడ చప్పట్లు కొట్టిన.

ఆరాధన అయినంక అయ్యగారు నన్ను పక్కకు పిలిచిన్రు. "కరుణమ్మా, ఆ పెద్దామె సంతోషం తుంచడానికి నాకు నోరు రాలేదు. కానీ అబద్ధం మీద స్తోత్రం నిలబడకూడదు. వచ్చే ఆదివారం మీరే లేచి జరిగింది చెప్పండి."

గప్పటి సంది అద్దం ముంగట నిలబడి చెప్పి చూస్తాన. నోట్లకెల్లి మాట వస్తలేదు. అబద్ధమేమో గేటు తీసేలోపల వచ్చె, నిజానికేమో వారం సరిపోతలేదు. అగో, నవ్వద్దంటి గద!