తేదీ లేని మామిడి కొత్త

స్వర్ణది హుకుంపేట మండలంలో కొండవాలు మీది ఊరు. డిగ్రీలో చదివింది వృక్షశాస్త్రం. జావా ప్రోగ్రామింగ్ మాత్రం ఫోన్లో పాఠాలు చూసి, పాత లాప్‌టాప్ మీద వందసార్లు తప్పు చేసి నేర్చుకుంది. ఏ సంత ఏ వారమో, ఏ పండుగకి ఏ ఊళ్లు పని మానేస్తాయో చెప్పే చిన్న కోడ్ లైబ్రరీ రాసింది. ఎవరైనా తమ ప్రోగ్రాములో కలుపుకోవచ్చు. సాలూరులో జీపుల యాప్ నడిపే రవిబాబు కలుపుకున్నాడు.

మొదట్లో వెర్షన్ మారినప్పుడల్లా అన్నీ చేత్తోనే చేసేది. కోడ్‌ని జార్ ఫైలుగా కట్టాలి, వివరాలు జతచెయ్యాలి, డిజిటల్ సంతకం పెట్టాలి, అందరూ దించుకునే ఉమ్మడి రిపాజిటరీకి ఎక్కించాలి. ఒకసారి సంతకం మరిచేది, ఒకసారి వివరాలు. రిపాజిటరీ తిప్పి పంపేది. విసిగి, రెండు నెలలు కూర్చుని ఆ పనంతా సర్వర్‌కి అప్పజెప్పింది. తను కోడ్ పంపితే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది.

ఆ సోమవారం సాయంత్రం రవిబాబు ఫోన్ చేశాడు.

"ఏటి స్వర్ణా, శుక్రవారం మామిడి కొత్తా? మా యాప్ ఊళ్లన్నిటికీ మెసేజ్ ఎట్టీసింది, జీపులు రావని."

"ఎవరు చెప్పేరు?"

"నీ లైబ్రరీయే సెప్పింది. కొత్త వెర్షన్ వొచ్చింది కదా!"

"నేనేం పంపలేదే!"

"మరి దెయ్యం పంపిందేటి?"

మామిడి కొత్త పండుగ అయ్యేదాకా ఆ ఊళ్లలో ఎవరూ మామిడికాయ ముట్టరు. ఆ రోజేదో చెప్పాల్సినవాడు ఊరికి ముహూర్తాలు పెట్టే దిసారి సోంబరు, స్వర్ణకి తాత వరస. ముప్పై ఏళ్లుగా ఆయన కన్నా ముందు ఎవరూ ఆ తేదీ పలకలేదు. ఇప్పుడు మనవరాలే పలికినట్టయింది. జనం కాయలు కోసేస్తే ఆ ముసలాయన మాటకి విలువేముంటుంది?

స్వర్ణ స్క్రీన్ చూసింది. అన్నిటికీ పచ్చ టిక్కులు. ఎక్కడా తప్పులేదు. ఉదయం ఏం చేసిందో గుర్తుచేసుకోబోతే సగమే గుర్తొచ్చింది. సర్వర్ ఫైలు సరిగా కడుతుందో లేదో చూద్దామని మామిడి కొత్త తేదీ గడిలో ఏదో ఒక శుక్రవారం వేసింది. సేవ్ చేసింది. పంపిందా? పంపినట్టే ఉంది. సర్వర్‌కి అది పరీక్ష అని ఎలా తెలుస్తుంది?

తీసేద్దామంటే రిపాజిటరీ ఒప్పుకోదు. ఒకసారి ఎక్కిన వెర్షన్ ఎక్కినట్టే. అదే నంబరుతో మళ్లీ ఎక్కించడానికీ లేదు. తర్వాతి నంబరు వెయ్యాలి. కానీ అందులో ఏ తేదీ పెట్టాలి?

తాత ఇంటికి పరిగెత్తింది. సోంబరు గొడ్డలికి పిడి బిగిస్తున్నాడు.

"తాతా, కొత్త ఎప్పుడు?"

"పెద్దలు కూసోలేదు. నాకే తెలీదు."

"శుక్రవారమని ఊళ్లకి వెళ్లిపోయింది."

పిడి మీద చెయ్యి ఆగింది. "ఎవుల్సెప్పేరు?"

"సర్వర్."

"దానికి ఎవుల్సెప్పేరు?"



"నేనేనేమో," అంది స్వర్ణ.

"ఏమో అంటావేటే గుంటా! నీ పని నీకు తెలీదా?"

"ఒక తేదీ చెప్పు తాతా, మార్చేస్తాను."

"లేని తేదీ ఎక్కణ్ణించి తేను? లేదని రాయి."

ఇక్కడే చిక్కంతా. లేదని రాయడానికి ఆ లైబ్రరీలో చోటే లేదు. ప్రతి పండుగకీ తేదీ ఉండి తీరాలని రాసింది తనే. ఇంటికొచ్చి ఆ నియమం మార్చింది. తేదీ ఖాళీగా ఉండొచ్చు. తేదీ ఉంటే చెప్పిన మనిషి పేరు పక్కన ఉండాలి, పేరు లేకపోతే సర్వర్ ఎక్కించకూడదు. కొత్త నంబరుతో పంపింది.

రవిబాబు మళ్లీ ఫోన్. "ఖాళీగా వొచ్చింది. పాడైపోనాదేటి?"

"పాడవలేదు. ఇంకా తెలీదని."

"తెలీదని సెప్పడానికి ఇంత ప్యాకింగా, సంతకమా!" అని నవ్వి, తేదీ ఇంకా తేలలేదని ఊళ్లకి రెండో మెసేజ్ పంపాడు.

శుక్రవారం స్వర్ణ చుట్టుపక్కల మూడు ఊళ్లు తిరిగింది. చెట్ల మీది కాయలు చెట్ల మీదే ఉన్నాయి. చివరి ఊళ్లో గంగ పిన్నిని అడిగింది, రెండో మెసేజ్ అందిందా అని.

"మొదటిదీ వొచ్చింది, రెండోదీ వొచ్చింది. దిసారి నోరిప్పకుండా ఫోనిప్పితే కొత్తవుద్దా?" అంది గంగ.

స్వర్ణ గుమ్మంలో నిలబడిపోయింది. మిగతా ఊళ్లవాళ్లు తన దిద్దుబాటు వల్ల ఆగారో, అసలు మొదటి మెసేజ్‌నే ఎవరూ లెక్కచెయ్యలేదో తేల్చుకోలేకపోయింది.