అలిగిన పిల్లుల కంపెనీ

ఆమెను వీధిలో అందరూ సోఫాల అత్త అనేవారు. పెళ్లయిన కొత్తలో సోఫాలకూ కుర్చీలకూ గుడ్డ తొడిగే ఒక దుకాణంలో కుట్టుపనికి చేరి, జుట్టు నెరిసేదాకా అక్కడే పనిచేసింది. మిషను ముందు కూర్చుంటే పిలిచినా పలికేది కాదు. అలాగని నోట్లో నాలుక లేని మనిషీ కాదు. కోపం ముక్కు మీదే ఉండేది. యజమానికి వయసు మీదపడి దుకాణం మూసేసినప్పుడు, మిగిలిపోయిన గుడ్డముక్కలన్నీ గోనెసంచుల్లో కుక్కి ఆమెకే ఇచ్చేశాడు. ఆ సంచులు వచ్చి ఇంట్లో మంచాల కింద చేరాయి.

ఇంట్లో ఉండేది ముగ్గురు. కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. కోడలు ఒక పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుని, నొప్పితో వచ్చేవాళ్లకు ధైర్యం చెప్పే పని చేసేది. వాళ్ల వాటా మూడో అంతస్తులో ఉంది. రెండువైపులా కిటికీలు ఉండటంతో ఏమాత్రం గాలి వీచినా తలుపులు ధడేల్‌మని కొట్టుకునేవి. అత్త ఉలిక్కిపడేది, వేలికి సూది గుచ్చుకునేది, గాలిని తిట్టిపోసేది. ఒక మధ్యాహ్నం విసుగెత్తి, ఒక సంచిలోంచి ఆకుపచ్చ మఖ్మలు ముక్క తీసి పిల్లిబొమ్మ కుట్టింది. కడుపు నిండా ఇసుక పోసి తలుపుకు అడ్డంగా కూర్చోబెట్టింది. మూతి కుట్టేటప్పుడు దారం కాస్త కిందికి లాగేయడంతో పిల్లి ముఖం ముడుచుకున్నట్టు వచ్చింది. విప్పి మళ్లీ కుట్టే ఓపిక లేక వదిలేసింది.

సాయంత్రం కోడలు చెప్పులు విప్పుతూ దాన్ని చూసి, గుమ్మంలోనే కూలబడి నవ్వింది.

"అత్తయ్యా, ఇది అచ్చం మీలాగే ఉంది!"

"నాలాగా? నాకేమైనా మీసాలున్నాయా?"

"మీసాలు కాదండీ, ఆ అలక."

అత్త మూతి ముడుచుకుంది. కోడలు మరింత నవ్వి, పిల్లికి ఫొటో తీసి, 'తలుపు దగ్గర అలిగి కూర్చున్న మా ఇంటి పెద్దదిక్కు' అని రాసి ఫోన్లో నలుగురికీ కనబడేలా పెట్టింది. తెల్లారేసరికి ముక్కూమొహం తెలియనివాళ్లు 'అమ్ముతారా?' అని అడుగుతున్నారు.

అలా మొదలైంది. అత్త కుట్టేది, కోడలు ఆర్డర్లు చూసుకుని పార్సిళ్లు కట్టేది. డబ్బు కోడలి జీతం పడే ఖాతాలోనే పడేది. ఒకరోజు మఖ్మలు కొందామని వెళ్తే ఖాతా ఖాళీ. కొడుకు బైకు ఇంజను బాగుచేయించుకున్నాడు.

"ఇంటి డబ్బే అనుకున్నానమ్మా," అన్నాడు బుర్ర గోక్కుంటూ.

"ఇంటి డబ్బు కాదురా, పిల్లుల డబ్బు!" అని అత్త అరిచిన అరుపు కింది అంతస్తు దాకా వినబడింది.

మర్నాడు కోడలు బ్యాంకుకు వెళ్లింది. అక్కడి ఆఫీసరమ్మ అంతా విని, "ముందు వ్యాపారానికి వేరే ఖాతా తెరవండి. ఇంటి ఖర్చూ వ్యాపారం ఖర్చూ ఒకే ఖాతాలో కలిసిపోతే లాభం వచ్చిందో నష్టం వచ్చిందో మీకే తెలియదు. రేపు పన్ను లెక్కేసేవాళ్లకూ తెలియదు," అంది. "ఇంతకీ ఈ వ్యాపారం ఎవరిది?"

"మా అత్తయ్యది," అంది కోడలు తడుముకోకుండా.

ఇంటికి వచ్చి ఆ మాట చెబితే అత్త ఒప్పుకోలేదు. "నాదేంటి? ఫొటో తీసింది నువ్వు, బేరం మాట్లాడేది నువ్వు, పార్సిలు కట్టేది నువ్వు. నీ పేరునే పెట్టు."

"కుట్టేది మీరు కదా!"

"కుడితే? ఇన్నేళ్లూ కుట్టాను, ఆ దుకాణం నాదైందా?"

ఆ ఇంట్లో అత్తాకోడళ్లు పోట్లాడుకోవడం కొత్త కాదు. ఫ్యాను వేగం దగ్గర్నుంచి బకెట్ ఎక్కడ పెట్టాలనేదాకా అన్నిటికీ గొడవే. కానీ 'నీది' అంటే 'మీది' అని వాదించుకోవడం అదే మొదటిసారి. కొడుకు ఇద్దరి మధ్యా కూర్చుని, "పోనీ నా పేరున పెట్టండి," అన్నాడు. ఇద్దరూ ఒక్కసారే వాడివైపు చూశారు. వాడు లేచి నీళ్లు తాగడానికి వెళ్లిపోయాడు.

చివరికి ఇద్దరి పేర్లూ పెడదామని తేల్చుకుని లాయరు దగ్గరికి వెళ్లారు. జిరాక్సు షాపు పైన ఇరుకు గదిలో కూర్చునే కుర్రలాయరు అతను. అంతకుముందు పళ్ల డాక్టరు దగ్గరికి దవడపన్ను పీకించుకోవడానికి వచ్చి, సూది చూసి వణికిపోతే, కోడలే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆ కృతజ్ఞతతో ఫీజు సగమే అడిగాడు.

"ముందు పేరు చెప్పండి," అన్నాడు.

"మెత్తని అడుగు," అంది అత్త గర్వంగా. రెండు రోజులు ఆలోచించి పెట్టిన పేరు అది.

లాయరు కంప్యూటర్లో వెతికి తల అడ్డంగా ఊపాడు. "ఇది ఒక చెప్పుల కంపెనీ వాళ్లు ముందే రిజిస్టరు చేసుకున్నారు. మీరు వాడితే నోటీసు ఇస్తారు. అప్పుడు బోర్డూ బిల్లులూ అట్టపెట్టెలూ అన్నీ మార్చుకోవాలి."

అత్త ముఖం మాడిపోయింది. ఆ ముఖం చూస్తూనే కోడలు, "అలిగిన పిల్లి!" అంది. లాయరు వెతికాడు. ఎవరూ పెట్టుకోలేదు.

"ఎవరు పెట్టుకుంటారండీ ఇలాంటి పేరు?" అన్నాడు నవ్వుతూ.

"అందుకే మనకు మిగిలింది," అంది అత్త. "రాసెయ్ బాబూ."

తర్వాత వాటాలు. చెరిసగం. తర్వాత, ఇద్దరికీ మాట కుదరకపోతే ఏం చేస్తారని అడిగాడు.

"పోట్లాడుకుంటాం. కాసేపయ్యాక ఎవరో ఒకరం టీ పెడతాం. అదే రాయి," అంది అత్త.

"టీ సంగతి ఒప్పందంలో రాయలేనండీ. 'ముందు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి, అప్పటికీ తేలకపోతే మధ్యవర్తి దగ్గరికి వెళ్లాలి' అని రాస్తాను," అన్నాడు. ఆపైన అసలు సంగతి చెప్పాడు. మామూలు భాగస్వామ్యంలో వ్యాపారం కోసం ఒకరు అప్పు చేస్తే ఇద్దరూ బాధ్యులే. వ్యాపారం మునిగితే అప్పులవాళ్లు సొంత ఆస్తుల మీదికి రావచ్చు, జీతం మీదికి కూడా రావచ్చు.

అత్త కుర్చీలోంచి లేచి నిలబడింది. "అంటే నేను కుట్టిన పిల్లుల వల్ల ఈ పిల్ల జీతం పోవచ్చా?"

"పోతుందని కాదండీ, పోయే వీలుందని..."

"అయితే వద్దు. పద అమ్మాయ్, ఇంటికెళ్దాం. తలుపుకు ఇటుక అడ్డం పెట్టుకుంటా."

కోడలు కదల్లేదు. పెళ్లయిన నాటి నుంచి తనను ఏదో ఒకటి అంటూనే ఉన్న మనిషి, తన జీతం కోసం ఇలా గింజుకుంటుంటే ఆమెకు కళ్లు చెమర్చాయి, నవ్వూ వచ్చింది. అత్త చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది, పన్ను నొప్పివాళ్లను కూర్చోబెట్టినట్టే. "లాయరు గారూ, వేరే దారి ఉందా?"

ఉంది. కంపెనీ అప్పు కంపెనీదాకే ఉండి, ఇంటి మీదికి రాని పద్ధతిలో రిజిస్టరు చేయించవచ్చు. ఖర్చు కొంచెం ఎక్కువ, ఏటా లెక్కలు అప్పజెప్పాలి. కానీ కంపెనీ తీసుకునే అప్పుకు వాళ్లే సొంతంగా పూచీపడి సంతకం పెడితే మాత్రం ఆ అప్పు వాళ్ల మీదికే వస్తుందని లాయరు హెచ్చరించాడు.

"నేనెక్కడా పూచీ సంతకం పెట్టను," అంది అత్త. "ఆ రెండో పద్ధతే చెయ్యి బాబూ. ఖర్చయితే అయింది."

రిజిస్ట్రేషన్ పూర్తయ్యాక ఇద్దరూ బ్యాంకుకు వెళ్లారు. దరఖాస్తు నింపుతూ ఆఫీసరమ్మ, "మీ వృత్తి?" అని అడిగింది. అత్త అలవాటుగా 'గృహిణి' అనబోయి ఆగిపోయింది. ఊళ్లో సగం సోఫాలు తన చేతిమీదుగా వెళ్లాయి. అయినా ఇప్పటిదాకా తన పేరున్న ప్రతి కాగితంలోనూ ఎవరో ఒకరు 'గృహిణి' అనే నింపేశారు.

"వ్యాపారం," అంది. మళ్లీ కాస్త గట్టిగా, "పిల్లుల వ్యాపారం," అంది. పక్క వరుసలో నిలబడ్డవాళ్లు తిరిగి చూశారు. ఆమె కొంగు సర్దుకుని సంతకం పెట్టింది. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి.

ఆ ఏడాది పిల్లులు జోరుగా అమ్ముడయ్యాయి. ఒకసారి ఎవరికో పొరపాటున నవ్వుముఖం పిల్లి వెళ్లింది. మూతి కుట్టింది కోడలు. 'మాకు అలిగిన పిల్లే కావాలి, ఇది మరీ సంతోషంగా ఉంది' అని తిప్పి పంపారు. సరుకు నచ్చకపోతే మారుస్తామని ముందే రాసి పెట్టారు గనుక మాట మీద నిలబడాల్సి వచ్చింది. అత్త వెంటనే ఇంకొకటి కుట్టి పంపి, "నవ్వడం నీ పని, అలగడం నా పని. మూతుల జోలికి రాకు," అని కోడలికి చెప్పింది.

పన్ను సంగతి చూడటానికి ఒక ఆడిటరమ్మ కుదిరింది. ప్రతి అమ్మకానికీ బిల్లు రాయమంది. కొన్న గుడ్డకూ దారానికీ ఇసుకకూ రసీదులు దాచమంది. వచ్చినదంతా లాభం అనుకోకుండా, పన్ను కోసం కొంత పక్కన పెట్టమంది.

"ఇసుక్కి కూడా రసీదా?" అని ఆశ్చర్యపోయింది అత్త.

"ఇసుక మీకు ఖర్చే కదండీ. రసీదు ఉంటే లాభంలోంచి తీసేస్తాం, అంతమేరకు పన్ను తగ్గుతుంది."

అప్పట్నుంచి రసీదు రాసి ఇవ్వనిదే ఇసుక బండివాడికి ఇంట్లోంచి కదలడానికి వీల్లేకపోయింది.

ఏడాది చివర పన్ను కట్టాల్సి వచ్చింది. ఫోన్లోనే కట్టేయొచ్చని ఆడిటరమ్మ చెప్పినా అత్త వినలేదు. మంచి చీర కట్టుకుని, కోడలిచేత సెలవు పెట్టించి, ఆడిటరమ్మ ఆఫీసుకే వెళ్లి, తన వేలితోనే బటన్ నొక్కింది. 'చెల్లించబడింది' అని తెరమీద పడగానే, "నేనూ కట్టాను!" అంది చిన్నపిల్లలా. బయటికి వచ్చి ఇద్దరూ ఐస్‌క్రీం తిన్నారు.

తిరుగు బస్సులో పక్క సీటులో ఒకావిడ ఊరగాయ సీసాల గంపతో కూర్చుంది. ఇంట్లోనే చేసి అమ్ముతుందట. అత్త ఆమె వైపు తిరిగి, "ఖాతా వేరేగా ఉందా మీకు?" అని అడిగింది. లేదంది ఆవిడ.

"అయ్యో! మరి పేరు రిజిస్టరు చేయించారా? అప్పు ఇంటి మీదికి రాకుండా చూసుకున్నారా? పూచీ సంతకాలేమీ పెట్టలేదు కదా?"

ఆవిడ కళ్లు పెద్దవి చేసుకుని దగ్గరికి జరిగింది. అత్త చేతులు తిప్పుతూ, వేళ్లు మడుస్తూ, అన్నీ విడమరిచి చెప్పడం మొదలుపెట్టింది. ముందు సీట్లోవాళ్లు కూడా వెనక్కి తిరిగి వింటున్నారు. కోడలు కిటికీకి తల ఆనించి, కడుపు పట్టుకుని నవ్వుతూ కూర్చుంది. దిగాల్సిన స్టాపు దాటిపోయిందని ఇద్దరిలో ఎవరికీ తెలియలేదు.